దించేవాళ్ళు

వేలాడడం మొదట్లో హాయిగానే ఉంటుంది, ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు, రాసినా ఎవరు నమ్ముతారు, పొద్దున్నుంచీ నిలబడి నిలబడి పిక్కలు బిగుసుకుపోయిన మనిషికి కాళ్ళ కింద నేల లేకపోవడం కూడా ఒక విశ్రాంతేనని హుక్కు సారుకు పరంజా అంచు నుంచి అడుగు తీసేసిన మరుక్షణమే తెలిసింది. శిక్షణ షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఇనప దూలం, దూలానికి తాడు, తాడు చివరను ఒంటి బెల్టుకు వీపు మీదున్న రింగులో తగిలించుకున్న తను. కింద మేస్త్రీ, ఆయన ముఠా, మధ్యాహ్నం తిండి తిని మూతులు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళు వచ్చినట్టే తలలెత్తి చూస్తున్నారు. చెప్పాల్సింది చెప్పే ఎక్కాడు. "నేను పై నుంచి పడ్డాను, తాడు పట్టుకుంది. ఇక నేను మాట్లాడను. ఏం చెయ్యాలో మీ ఇష్టం" అన్నాడు. దించే తాళ్ళ సంచీ స్తంభం మొదట్లోనే పెట్టాడు, దాన్నెలా తగిలించాలో అంతకు ముందు షెడ్డులో బొమ్మలు గీసి చూపించాడు, అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. హుక్కు సారన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే, ఇన్నేళ్ళుగా హుక్కు తగిలించండి, హుక్కు తగిలించండి అని ఒకటే పాట పాడుతుంటే ఇంకేం పేరు పెడతారు. గడ్డం గుండెలకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకుంటే చెవులు పెద్దవవుతాయి. పక్క బిల్డింగు మీద ఎవరో ఇనప చువ్వలు కోస్తున్నారు, ఎక్కడో లారీ వెనక్కి వస్తూ కూస్తోంది, కింద ఎవరో ఆవలించారు, ఆ ఆవలింత ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది, అంతే మరి, తిన్న వెంటనే పాఠమంటే ఎవరికైనా అంతే. వీళ్ళు షెడ్డులోనూ నిద్రపోతారు. మొదట్లో చాక్‌పీసు విసిరేవాడు, పేరు పెట్టి లేపేవాడు, తర్వాత మానేశాడు, తెల్లారకముందే లేచి వంట చేసుకుని, నీళ్ళ దగ్గర గొడవపడి, వ్యానులో నిలబడి వచ్చి, పన్నెండో అంతస్తు దాకా ఎక్కి దిగేవాడికి వెన్ను ఆనించడానికి కుర్చీ, తల మీద ఫ్యాను దొరికే చోటు ఈ షెడ్డు ఒక్కటే, అలాంటి చోట నిద్రపోకపోతేనే వింత. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ ఇక్కడ తిరగబడింది, నిద్రపోయేవాడికి చెప్పేవాడు లోకువ. జోలపాట పాడినట్టు పాఠం చెప్పి, చివర్న అర్థమైందా అంటే అర్థమైంది సార్ అని అందరూ ఒకే గొంతుతో లేచేవాళ్ళు, ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరికీ నిద్ర అడ్డొచ్చేది కాదు. తనకూ నిద్రగానే ఉంది. ఈ మధ్య నిద్ర పట్టడం మానేసింది, పట్టినా మధ్యలో తెగిపోతోంది.

తొడల దగ్గర పట్టీలు కోస్తున్నాయి. హాయి అయిపోయిందన్నమాట, ఇంతేనా దాని ఆయుష్షు. మేనేజరు ఎక్కడున్నాడో, మొదట్లో గుంపు వెనక గొంతు వినబడింది, తర్వాత ఫోను మోగింది, మాట్లాడుకుంటూ ఆఫీసు వైపు వెళ్ళిపోయి ఉంటాడు. చెడ్డవాడేం కాదు, కుర్రతనం, తలంతా వీడియో మీదే. ఆ వీడియో బాగుంటుంది కూడా, బొమ్మ మనిషి టోపీ పెట్టుకుంటాడు, బెల్టు కట్టుకుంటాడు, హుక్కు తగిలిస్తాడు, కాలు జారుతుంది, తాడు పట్టుకుంటుంది, బొమ్మ మనిషి గాల్లో వేలాడుతూ బొటనవేలు పైకెత్తి నవ్వుతాడు, పాట వస్తుంది, అయిపోతుంది. అక్కడే అయిపోతుంది. ఆ నవ్వేవాణ్ణి తర్వాత ఎవరు దించారో ఏ బొమ్మలోనూ లేదు. అదే చెప్పాడు మేనేజరుకు, ఒకసారి కాదు, నోరు నొప్పెట్టేదాకా చెప్పాడు, దించడం నేర్పాలి సార్, ఎవరి ఆర్డరూ లేకుండా వాళ్ళంతట వాళ్ళు దించడం నేర్పాలి అని. మేనేజరు చివరికి విసిగి, "సరే, ఒక్కసారి చేసి చూపించండి. మీరు నోరు విప్పకుండా వాళ్ళు దించితే మీ పాఠమే పెడదాం. లేదంటే సోమవారం నుంచి వీడియోనే" అన్నాడు. తాడో పేడో అంటారు, తన విషయంలో నిజంగానే తాడు. నోరు విప్పితే పాఠం పోయినట్టే, విప్పకూడదు.

చొక్కా జేబులో ఒక పట్టీ ముక్క ఉంది, ఉచ్చులా కుట్టింది, మరీ భరించలేకపోతే దాన్ని తాడుకు తగిలించుకుని అందులో పాదాలు పెట్టి కాసేపు నిలబడొచ్చు, పిరికితనమే అయినా ముందుజాగ్రత్త. ఎడమ పాదం మొద్దుబారుతోంది. ఎవరూ గమనించకుండా చెయ్యి జేబు దాకా తీసుకెళ్ళాడు, వేళ్ళు వేళ్ళలా లేవు, పట్టీ పట్టుకున్నాననుకున్నాడు, జారిపోయింది. మెత్తగా నేల మీద పడిన చప్పుడు. వెంటనే ఎవరో పరిగెత్తుకొచ్చారు, అమ్మయ్య, కదిలారు, మొదలైంది అనుకునేంతలో, "సారుది ఏదో పడిందండీ" అని ఆ మనిషి దాన్ని దులిపి, మడిచి, బల్ల మీద భద్రంగా పెట్టి మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎంత మర్యాదస్తులు. టిఫిను డబ్బాలు ఎవరివి ఎవరికీ తారుమారు కానివ్వరు, పడిపోయిన పలుగు కూడా ఎవరిదో వాళ్ళకు అందిస్తారు, మనిషి వేలాడుతుంటే మాత్రం చేతులు కట్టుకుని నిలబడతారు, ఎందుకంటే మనిషిని ముట్టుకోవాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడు మేస్త్రీ. వీళ్ళందరినీ ఒక్కొక్కరిగా తెచ్చి పనిలో పెట్టింది ఆయనే, ఒకడికి మేనమామ, ఒకడికి పినతండ్రి, ఒకడి పెళ్ళికి పెద్ద, ఆయన కళ్ళతో చెబితే పరంజా లేస్తుంది, కళ్ళతో చెబితే ఆగుతుంది. ఆయన ఇప్పుడు అంటున్నాడు, గొంతు తగ్గించి, గుళ్ళో మాట్లాడినట్టు: "ఎవరూ దగ్గరికి పోకండి. సారు పాఠం చెబుతున్నారు. ఆయన చెప్పినప్పుడు చేద్దాం."

ఏం చెప్పను మేస్త్రీ, చెప్పనని చెప్పే కదా ఎక్కాను. ఆయన తప్పు లేదు. ఆయనకు తెలిసిన పద్ధతి అది, పైన ఇంజనీరు చెప్పాలి, ఇంజనీరుకు ఇంకెవరో చెప్పాలి, చెప్పకుండా ఒక ఇటుక కదిపినా మాట పడాల్సింది ఆయనే. చెప్పింది చెయ్యి అని జీవితమంతా నేర్పి, ఇవాళ ఒక్క గంటలో చెప్పకపోయినా చెయ్యి అంటే ఎలా. చెమట కళ్ళలోకి దిగుతోంది, ఇంత చెమటేమిటి, ఎండలో కూడా లేను కదా, గాలి ఉందే. గుండె గబగబా కొట్టుకుంటోంది. కింద రేడియో మొదలుపెట్టాడు, ప్లాస్టరు పనివాడు, గోడకు ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో వాడి వాగుడును బట్టి చెప్పొచ్చు, అందుకే ఆ పేరు. "త్రిశంకు స్వర్గమంటే ఇదే కాబోలు" అన్నాడు, ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు, మేస్త్రీ ఉష్ అన్నాడు. కాసేపాగి రేడియోయే మళ్ళీ, ఈసారి జాలిగా, "సారుకు నిద్ర పట్టినట్టుంది. పాపం, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు. పడుకోనివ్వండి."

పడుకోనివ్వండి. అదే మాట. వేరే సైటులో, వేరే ముఠాలో, వేరే నోటితో, అదే జాలితో అన్న మాట. తన బావమరిది అప్పుడు ఎనిమిదో అంతస్తు బయటి వైపు వేలాడుతున్నాడు. కాలు జారింది, హుక్కు ఉంది, తాడు పట్టుకుంది, అన్నీ బావ చెప్పినట్టే పెట్టుకున్నాడు, టోపీ కూడా ఊడలేదట. తను అక్కడ లేడు, ఊరికి ఆ చివర ఇంకో షెడ్డులో ఇదే పాఠం చెబుతున్నాడు, ఇదంతా తర్వాత ఆ ముఠావాళ్ళు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చెప్పిందే. వాడు నవ్వుతూనే ఉన్నాడండీ అన్నారు. వాడెప్పుడు నవ్వలేదు గనక, పెళ్ళిలో తన చెప్పులు దాచింది వాడే, దాచి, దొంగ దొరికాడా బావా అని తననే అడిగింది వాడే, ఈ పనికి వస్తానని వెంటపడి, నువ్వు చెప్పే పాఠాలు నా మీద ప్రయోగం చేసుకో బావా, నేను పోయినా మా అక్క నిన్నేమీ అనదులే అని వేళాకోళమాడింది వాడే. పైన వేలాడుతూ, ఇక్కణ్ణుంచి మా అక్క ఇల్లు కనబడుతోందిరా, మేడ మీద బట్టలారేస్తోంది అని అరిచాడట, కింద అందరూ నవ్వారట. తాడు పట్టుకుంది కదా, ఇక భయమేముంది. మనుషుల్ని ఎత్తే బుట్ట క్రేను ఉంది, దాని డ్రైవరు తిండికి వెళ్ళాడు, వచ్చాక దించుతాడు, కంగారేముంది. కాసేపటికి వాడు నిద్రొస్తోందిరా అన్నాడట. ముందు రోజు రెండు డ్యూటీలు చేశాడండీ, అందుకే పడుకోనిచ్చాం, ఎవరూ కేకలు వెయ్యొద్దని మేమే అందరికీ చెప్పాం అన్నారు. డ్రైవరు వచ్చి దించేసరికి ఆ నిద్ర ఇంకో రకం నిద్ర అయిపోయింది. వాళ్ళెవరూ వాణ్ణి ద్వేషించలేదు, నిర్లక్ష్యం చెయ్యలేదు, అదే గుండె కోసేది. అలసిపోయినవాళ్ళకు తెలిసిన ఒకే ఒక్క దయ అది, తోటివాడికి కాసేపు నిద్ర ఇవ్వడం, అదే ఇచ్చారు.

ఆ రోజు నుంచి తన భార్య పెద్దగా ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. బియ్యం ఏరుతూ ఒకరోజు తలెత్తకుండానే అడిగింది. "తాడు తెగలేదు కదండీ. మీరు చెప్పినవన్నీ చేశాడు కదా. మరెందుకు పోయాడు?" తప్పు పట్టే గొంతు కాదు, నిజంగానే తెలియక అడిగింది. తనకూ తెలియలేదు. ఆస్పత్రిలో ఒక డాక్టరును పట్టుకుని అడిగితే ఆయన చాలా మామూలుగా చెప్పాడు, కాళ్ళు ఆనకుండా, కదలకుండా వేలాడితే రక్తం కిందికి దిగి అక్కడే ఉండిపోతుందయ్యా, పట్టీలు తొడల దగ్గర బిగుస్తాయి, గుండెకూ మెదడుకూ రావాల్సింది రాదు, నిద్ర వస్తున్నట్టుంటుంది, అంతే, ఎంత త్వరగా దించితే అంత మంచిది. అంతేనా. ఇంత చిన్న సంగతా. ఇన్నేళ్ళు హుక్కు హుక్కు అని అరిచిన గొంతుకు ఎవరూ ఈ రెండో సగం చెప్పలేదేం. భార్యకు చెబితే, చేట పక్కన పెట్టి, "మరి ఇది కూడా చెప్పండి వాళ్ళకు" అంది. చెబుతూనే ఉన్నాను, షెడ్డులో చెబుతున్నాను, తలలూపుతున్నారు, నిద్రపోతున్నారు, అర్థమైంది సార్ అంటున్నారు, అందుకే కదే ఇవాళ నేనే ఎక్కాను, ఈ సంగతి మాత్రం నీకు చెప్పలేదు, చెబితే పోనిచ్చేదానివి కాదు.

చువ్వలు కోసే చప్పుడు దూరమైంది. ఆపేశారా, లేక తనకే వినబడడం లేదా. పెదాలు తడుపుకుందామంటే నాలుక అట్టలా ఉంది. సరిగ్గా ఇలాగే ఉండి ఉంటుంది వాడికి, ముందు హాయి, తర్వాత కోత, తర్వాత చెమట, తర్వాత ఈ మెత్తదనం, ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు, వద్దనాలని కూడా అనిపించదు. ఒరేయ్, నువ్వు ఇంత దూరం వచ్చావా. చాలు, ఇక చాలు, నోరు విప్పాలి, పాఠం పోతే పోయింది, వీడియోనే వేసుకోనీ, బొమ్మ మనిషి బొటనవేలు ఎత్తుకోనీ, ఇంటి దగ్గర ఆమె ఒక్కతే ఉంటుంది, తమ్ముణ్ణి పోగొట్టుకున్న దానికి మొగుణ్ణి కూడా ఇదే తాడు మీద అప్పగించాలా, బతికుంటే ఇంకో మేనేజరును బతిమాలుకోవచ్చు. దించండి అందామనుకున్నాడు. అన్నాననే అనుకున్నాడు. తన గొంతు తన చెవికి రాలేదు. మళ్ళీ అన్నాడు, నోరు తెరుచుకుంది, గాలి కూడా రాలేదు. అప్పుడు భయమేసింది, అదీ దూరంగా, పక్కింటివాళ్ళ భయంలా. కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. దుప్పటి గొంతు దాకా వచ్చింది.

"మావయ్యా, సారు పెదాలు చూడు. తెల్లగా పోయాయి."

ఆడమనిషి గొంతు. మేస్త్రీ మేనకోడలు, సిమెంటూ ఇసకా కలిపే పిల్ల, షెడ్డులో వెనక వరసలో కూర్చుని అందరికంటే ముందు నిద్రపోయేది.

"పాఠం చెడగొట్టకే. ఆయన చెబుతారు."

"ఎలా చెబుతారు, పడిపోయిన మనిషి? చెప్పనని చెప్పే ఎక్కారు కదా."

"నువ్వూరుకో. ఏదైనా అయితే మాట పడేది నేను."

"సరే, పడు" అంది ఆమె. అంతే, తర్వాత చెప్పుల చప్పుడు, ఏదో బల్ల ఈడ్చిన చప్పుడు, ఉన్నట్టుండి అరికాళ్ళ కింద ఏదో గట్టిగా ఆనింది. ఇటుకలు మోసి మోసి కాయ కాసిన భుజం. మోకాళ్ళు వంగాయి, తొడల మీద పట్టీలు వదులయ్యాయి, నడుము నుంచి కిందికి నిప్పులు పోసినట్టు మంట, ఆ మంటకు దండం పెట్టాలనిపించింది. పక్కనే ఇంకో భుజం వచ్చింది, రేడియోది, వాడు ఎందుకో తిడుతున్నాడు, తననే తిడుతున్నాడు, కళ్ళు తెరవండి సార్, తెరవకపోతే మర్యాద దక్కదు అని బూతులు కూడా కలిపి తిడుతున్నాడు, ఇంత మంచి తిట్లు తను ఎప్పుడూ వినలేదు. సంచీ విప్పారు, తాళ్ళు చిక్కుపడ్డాయి, కప్పీ తలకిందులుగా తగిలించారు, తీసి మళ్ళీ తగిలించారు, నలుగురూ నాలుగు మాటలు, నేర్పిన బొమ్మల్లో ఒక్కటీ వరసగా జరగలేదు, చివరికి మేస్త్రీయే అందరినీ తోసుకొచ్చి పరంజా ఎక్కి ముడి సరిచేశాడు. దించారు. నేల తగిలింది.

కూర్చోబెట్టారు, ముందు పట్టీలు విప్పండి అని తను అనకముందే ఎవరో అన్నారు, ఎవరికి గుర్తుందో. నీళ్ళు తాగించారు. చప్పట్లు కొట్టబోయారు గానీ హుక్కు సారు చెయ్యి అడ్డంగా ఊపాడు. గొంతు ఇప్పుడొచ్చింది, బొంగురుగా.

"ఆలస్యమైంది. చాలా ఆలస్యం. ఇంకొంచెం అయితే నేను లేను."

మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు, అంతమంది ముందు ఆయన తల వంచడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. ఆయన మీద కోపం రాలేదు, కోపానికి కూడా ఓపిక కావాలి.

"ఎవరికి జరిగింది సార్ ఇలా?" మేనకోడలు అడిగింది. "ఎవరికో జరక్కపోతే మీరిలా ఎక్కరు."

"మా బావమరిదికి" అన్నాడు. ఈ రెండు మాటలూ ఏ షెడ్డులోనూ అనలేదు ఇన్నాళ్ళూ, పాఠంలో ఇంటి సంగతులెందుకని. "కింద అందరూ ఉన్నారు. మంచివాళ్ళే. ఎవరైనా చెబుతారేమోనని చూశారు."

మేస్త్రీ సారు ఒంటి మీంచి విప్పిన బెల్టును ఎత్తి, తన ఒంటికి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. తొడల పట్టీలు బిగించుకున్నాడు, పరంజా ఎక్కాడు, పెద్ద వయసు, పొట్ట అడ్డం, అయినా ఎక్కాడు. దూలానికి తగిలించుకుని, "మళ్ళీ చెయ్యండి. ఈసారి నేను పడ్డాను" అని అడుగు తీసేశాడు.

సరిగ్గా అప్పుడే సైరను మోగింది. తిండి గంట అయిపోయింది, పనికి పొమ్మని. మామూలు రోజుల్లో ఆ కూత ఆగేలోపు షెడ్డు దగ్గర ఒక్క చెప్పు కూడా మిగలదు, గేటు దగ్గర హాజరు ఆలస్యమైతే సగం రోజు పోతుంది, అది అందరికంటే బాగా తెలిసినవాడు పైన వేలాడుతున్నాడు. వేలాడుతూనే పాత గొంతుతో అరిచాడు.

"సైరనైంది, పనికి పొండి. నన్ను సారు చూసుకుంటారు. పొండి, హాజరు పోతుంది."

ఆ గొంతు వింటే కదలని కాలు ఆ ముఠాలో లేదు. ఒకరిద్దరి తలలు అలవాటుగా గేటు వైపు తిరిగాయి కూడా.

"పడిపోయినవాళ్ళు ఆర్డర్లెయ్యరు మావయ్యా" అంది మేనకోడలు, బల్ల ఈడ్చుకొస్తూ. "కళ్ళు తెరిచి ఉంచు. నాతో మాట్లాడుతూ ఉండు."

ఆఫీసు వైపు నుంచి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. "ఏమిటిది, సైరనై ఇంతసేపైంది, పైన స్లాబు వాళ్ళు ఎదురుచూస్తున్నారు. వీళ్ళను ముందు పనికి పంపించండి" అన్నాడు.

హుక్కు సారు నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే ఉన్నాడు. కాళ్ళలోకి సూదులు గుచ్చుతున్నట్టు ప్రాణం వస్తోంది, లేచే ఓపిక లేదు, కళ్ళు మాత్రం ఎందుకో కారుతున్నాయి.

"మీరే చెప్పి చూడండి సార్" అన్నాడు. "ఇవాళ ఎవరి మాటా వినేలా లేరు."

మేస్త్రీ కాళ్ళు అప్పటికే ఎవరి భుజాల మీదో ఆనాయి.